జీ-9 అరటి పేరు వెతుక్కుంటూ చాట్స్‌వర్త్‌కు

పులివెందుల దగ్గర మా నాన్న పదిహేనేళ్లుగా జీ-9 అరటే వేస్తున్నాడు. అది కావెండిష్ రకమని చిన్నప్పటి నుంచీ వింటున్నా, కావెండిష్ అన్నది ఒక మనిషి ఇంటిపేరని ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చదువుకోవడానికి వచ్చాకే తెలిసింది. ఒక శనివారం పొద్దున్నే, ఆయన భవనం, తోట ఉన్న చాట్స్‌వర్త్‌కు బస్సెక్కాను.

ఆయన విలియం కావెండిష్, డెవన్‌షైర్ ఆరో డ్యూక్. 1811లో తండ్రి పోయేసరికి ఆయనకు 21 ఏళ్లు. ఎనిమిది భవంతులు, ఇంగ్లండు, ఐర్లండుల్లో కలిపి దాదాపు రెండు లక్షల ఎకరాలు చేతికొచ్చాయి. హార్డ్‌విక్ హాల్, ఐర్లండులోని లిస్మోర్ కోట అందులోవే. ఆయన పెళ్లి చేసుకోలేదు. మనసంతా చాట్స్‌వర్త్ మీదే.

భవనంలో బొమ్మలూ పటాలూ చాలానే ఉన్నాయి గానీ, నా కాళ్లు తోటవైపే లాగాయి. 1826లో జోసెఫ్ పాక్స్‌టన్ అనే 22 ఏళ్ల కుర్రాణ్ణి డ్యూక్ ఈ తోటకు పెద్దమాలిగా పెట్టుకున్నాడు. అతను రైతుబిడ్డ. మారిషస్ వైపు నుంచి వచ్చిన అరటి మొక్కను అతను గాజింట్లో పెంచితే, 1835 నవంబరులో పువ్వేసింది, మరుసటి ఏడు మే నాటికి కాయలు తయారయ్యాయి. దానికి యజమాని ఇంటిపేరే పెట్టాడు.

కాలువ చివర ఎంపరర్ ఫౌంటెన్ ఉంది. రష్యా చక్రవర్తి వస్తాడని 1844లో ఆర్నెల్లలో కట్టారు. గుట్టపైన ఎనిమిదెకరాల చెరువు తవ్వి, అక్కడి నుంచి పైపు దించారు. మోటారు లేదు, పల్లానికి దిగే నీటి ఒత్తిడే 90 మీటర్ల దాకా ఎగజిమ్మేది. చక్రవర్తి మాత్రం రానేలేదు. గాలికి ఆ తుంపర్లు ముఖాన పడుతుంటే, మా తోటలో డ్రిప్పు పైపులకు నీళ్లెక్కక మధ్యరాత్రి లేచి వెళ్లే నాన్నే గుర్తొచ్చాడు.

ఈ తోటలోనే పాక్స్‌టన్ కట్టిన పెద్ద గాజుమేడ పొడవు 84 మీటర్లట. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరక్క మొక్కలు చచ్చిపోతే, 1920లో దాన్ని పేల్చేశారు. ఇప్పుడక్కడ పచ్చని కంచెల చిక్కుదారి ఉంది. ఎస్టేటూ తరిగింది. 1950లో పదో డ్యూక్ చనిపోతే వారసత్వపు పన్ను 80 శాతం పడింది, హార్డ్‌విక్ హాల్ ఇచ్చేయాల్సి వచ్చింది.

సాయంత్రం పక్కనే ఉన్న ఎడెన్సర్ ఊరికి నడిచాను. వాళ్లు 'ఎన్సర్' అంటారు. చర్చి ఆవరణలో పైకి వెళ్తే గడ్డిలో ఆరో డ్యూక్ సమాధి, సాదా రాయి. కిందివైపున్న పాక్స్‌టన్ సమాధే దానికంటే పెద్దది. రెంటి మధ్యా చాలాసేపు నిలబడిపోయాను.

అక్కడి నుంచే నాన్నకు ఫోన్ చేశాను. అంతా విని ఒకటే అడిగాడు: "ఆ చలికి గెల ఎట్ల దిగిందిరా?"

"గాజింట్లో పొయ్యి పెట్టి కాపాడినారంట నాన్నా."

"పొద్దు మాపులా కనిపెట్టుకోని ఉండాలే! ఆ మాలి పేరేంది, ఇంకోసారి చెప్పు."