చక్రం ఏ దారిన లేస్తుంది?

కారు సస్పెన్షన్ అనగానే, అంటే చక్రాన్ని బాడీకి కలిపి కుదుపులు తట్టుకునే ఏర్పాటు అనగానే, అందరికీ స్ప్రింగే గుర్తొస్తుంది. నా దృష్టిలో అసలు పని దాని కింద మట్టి పట్టి ఉండే లోయర్ ఆర్మ్‌ది, అంటే చక్రాన్ని బాడీకి కలిపే కింది కడ్డీది. స్ప్రింగు బరువు మోస్తుంది, డ్యాంపర్ (షాక్ అబ్సార్బర్) ఆ స్ప్రింగు ఊగుడును ఆపుతుంది. చక్రం ఏ దారిలో పైకి లేవాలి, లేస్తూ ఎంత వాలాలి అన్నది మాత్రం ఆర్మ్‌ల పొడవుల్లో, కోణాల్లో ఉంటుంది. కారు లిఫ్ట్ ఎక్కిందంటే నేను మెడ పట్టేసేదాకా అక్కడే నిలబడి చూస్తుంటాను.

పాత కార్లలో ముందు చక్రాలు రెండింటినీ ఒకే ఇనుప దూలం కలిపేది. కావడిలా ఒక పక్క లేస్తే రెండో పక్కా ఒరగాల్సిందే. లోపల కూర్చున్నవాళ్ల నడుం సంగతి అలా ఉంచండి, పెద్ద తలనొప్పి స్టీరింగ్‌తో. వేగంగా తిరుగుతున్న చక్రాన్ని వాల్చితే అది వాలి ఊరుకోదు, పక్కకి తిరగబోతుంది. గైరోస్కోప్ సూత్రం అది. ఒక చక్రం గుంతలో పడితే దూలంతో పాటు రెండూ వాలేవి, రెండూ తిరగబోయేవి, స్టీరింగ్ చేతుల్లో వణికేది. 1922లోనే లాన్షియా లాంబ్డా అనే ఇటలీ కారు ముందు చక్రాలను విడదీసింది. 1934లో జనరల్ మోటార్స్ తన కార్లలో పెట్టాక ఈ పద్ధతి బాగా పాకింది.

విడదీశాక చక్రాన్ని పట్టుకోవడానికి పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్‌లు పెట్టారు. ఇదే డబుల్ విష్‌బోన్. రెండూ ఒకే పొడవుండి సమాంతరంగా ఉంటే చక్రం నిటారుగా లేస్తుంది. వినడానికి బాగుంది, కానీ మలుపులో బాడీ బయటికి ఒరిగితే చక్రమూ దాంతో పాటే ఒరుగుతుంది, టైరు అంచు మీద నడుస్తుంది. అందుకే పై ఆర్మ్‌ను పొట్టి చేశారు. పొట్టి ఆర్మ్ చిన్న వంపులో తిరుగుతుంది కాబట్టి చక్రం లేచేకొద్దీ దాని తలను లోపలికి లాగుతుంది. మలుపులో బయటి చక్రం బాడీకి దగ్గరగా లేస్తుంది కదా, బాడీ బయటికి ఒరుగుతుంటే చక్రం లోపలికి వాలుతుంది. ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి, టైరు నేలను పూర్తిగా పట్టుకుంటుంది. మోటారు లేదు, సెన్సార్ లేదు. ఒక కడ్డీని పొట్టి చేశారు, అంతే!

ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు అసలు పై ఆర్మే తీసేశాడు. డ్యాంపరే చక్రానికి పై ఆధారం. చోటు మిగులుతుంది, ఖర్చు తగ్గుతుంది, ఇంజన్‌ను అడ్డంగా పెట్టుకోవచ్చు. అందుకే చిన్న కార్లలో ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. ఆగి ఉన్న కారు స్టీరింగ్ చివరిదాకా తిప్పి చక్రం వెనక్కి తొంగిచూడండి, స్ప్రింగు చుట్టుకున్న ఆ డ్యాంపర్ కనిపిస్తుంది, దాన్నే స్ట్రట్ అంటారు. చాలా కార్లలో స్ప్రింగు డ్యాంపర్ కడ్డీకి సూటిగా కాక కాస్త ఏటవాలుగా ఉంటుంది. కడ్డీ మీద పడే పక్క ఒత్తిడి తగ్గించడానికి అలా పెడతారు. మలుపులో చక్రాన్ని సరిచేయడంలో మాత్రం ఇది డబుల్ విష్‌బోన్‌కి సాటిరాదు.

స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీ, టై రాడ్, కూడా అక్కడే కనిపిస్తుంది. ఇది ఆర్మ్‌తో పొంతన కుదిరిన వంపులోనే కదలాలి. కుదరకపోతే గుంత వచ్చిన ప్రతిసారీ చక్రం తనంతట తానే తిరుగుతుంది. స్టైల్ కోసం స్ప్రింగులు కోయించి కారును కిందికి దించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే. ఎంతో లెక్క వేసి పెట్టిన కోణాలన్నీ పోతాయి.

తమాషా ఏంటంటే, ఇంత కష్టపడి విడదీసిన చక్రాలను యాంటీ రోల్ బార్ అనే అడ్డ కడ్డీతో మళ్లీ కలిపేశారు. రెండూ కలిసి లేస్తే అది ఊరికే తిరుగుతుంది. ఒకటే లేస్తే మెలిపడి అడ్డుకుంటుంది. బాడీ ఒరుగుడు తగ్గుతుంది, కానీ ఒక చక్రం కుదుపు కొంత రెండోదానికి అందుతుంది.

ఇక ఆర్మ్ బాడీకి కలిసేచోట ఉండే రబ్బరు బుష్‌లు. అవి అరిగితే బ్రేక్ తొక్కగానే ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, చక్రం కోణం మారుతుంది, బండి ఓ పక్కకి లాగుతుంది. కాబట్టి చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్‌కి ముందే బుష్‌లు, ఆర్మ్ చక్రం వైపు కలిసేచోట ఉండే బాల్ జాయింట్లు చూపించండి. ఆగి ఉన్న బండి మీద తీసిన కొలత, అవి వదులుగా ఉంటే, రోడ్డెక్కాక నిలవదు.