జెనోవాలో పగానీని వయొలిన్

పావియా దాటేదాకా రైలుకి రెండు పక్కలా నీళ్ళు పెట్టిన వరి మళ్ళే. మిలాన్ నుంచి జెనోవాకి వెళ్తున్నామా, నరసాపురం ప్యాసింజర్‌లో ఉన్నామా అనిపించింది. మాది పాలకొల్లు దగ్గర. మా తమ్ముడు మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "అక్కా, వెనిస్‌కి అందరూ పోతారు. పిల్ల వయొలిన్ నేర్చుకుంటోంది కదా, ముందు ఆ వయొలిన్ మహావిద్వాంసుడు పగానీని ఊరు చూపిద్దాం" అన్నాడు. మే నెల సెలవులు, పిల్లకి సాధన తప్పినందుకు ఆనందం. తీరా వెళ్తున్నది వయొలిన్ చూడ్డానికే అని తెలిశాక దాని మొహం చూడాలి!

కొండల కింద సొరంగాలన్నీ దాటి బయటపడగానే జెనోవా. రేవుకి ఆనుకుని పాత ఊరు, ఆ ఊళ్ళో కరుజ్జి అని పిలిచే ఇరుకు సందులు. చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. పైన తీగల మీద ఆరేసిన దుప్పట్లు, కింద బేకరీల్లోంచి ఫొకాచ్చా రొట్టె వాసన. నికోలో పగానీని 1782 అక్టోబర్ 27న పుట్టింది ఇలాంటి సందులోనే. తండ్రి ఆంతోనియో రేవులో చిన్నాచితకా వ్యాపారం చేసేవాడు, మాండలిన్ వాయించేవాడు. కొడుక్కి అయిదేళ్ళకి మాండలిన్, ఏడేళ్ళకి వయొలిన్ చేతికిచ్చాడు. ఈ మాట వినగానే నాకు మా పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొచ్చారు. ఆయనా చిన్నప్పుడు నాన్నగారి మాండలిన్ పట్టుకునే మొదలుపెట్టారు.

పుట్టిన ఇల్లు చూద్దామంటే లేదు. 1971లో కూల్చేశారు. ఆ పేటంతా పడగొట్టి ఆఫీసు భవనాలూ, ఒక పార్కూ కట్టారు. కొలంబస్ ఇల్లని చెప్పే కట్టడాన్ని మాత్రం పోర్తా సొప్రానా కోట గుమ్మం పక్కన జాగ్రత్తగా నిలబెట్టుకున్నారు, దాని ముందు ఫొటోలకి జనం. నాకు కోపం వచ్చింది గానీ, మన ఊళ్ళలో విద్వాంసుల ఇళ్ళు ఏమయ్యాయో తలుచుకుని నోరు మూసుకున్నాను.

ఆ లేని ఇంట్లో పిల్లాడి బతుకు ఎలా ఉండేదో పగానీనియే పెద్దయ్యాక చెప్పుకున్నాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తండ్రి పక్కన కూర్చుని వాయింపించేవాడట. సరిగా సాధన చేయలేదనిపిస్తే తిండి పెట్టేవాడు కాదట. తల్లి తెరెసాకేమో దేవదూత కలలోకొచ్చి, నీ కొడుకు గొప్ప విద్వాంసుడవుతాడని చెప్పిందని ఇంట్లో చెప్పుకునేవారు. కల ఆవిడది, పస్తులు పిల్లాడివి. ఇది చదివి వినిపిస్తే మా అమ్మాయి నా వంక అదోలా చూసింది. నేను రోజుకి గంటేగా కూర్చోబెడుతున్నాను అని మనసులో లెక్క వేసుకున్నాను.

మేం వెళ్ళిన అసలు పని వీయా గరిబాల్దీలో. వీధికి రెండు వైపులా పాత కులీన కుటుంబాల మహళ్ళు. ఈ వీధికీ, ఇలాంటి మహళ్ళకీ 2006లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది. వాటిలో పలాజ్జో తుర్సి ఇప్పటికీ మునిసిపల్ ఆఫీసు. ఒక పక్క ఉద్యోగులు ఫైళ్ళు పట్టుకు తిరుగుతుంటే మరో పక్క మ్యూజియం. గదులన్నీ దాటుకుంటూ పోతే అద్దాల పెట్టెలో, గాలీ తేమా కొలిచి అదుపులో పెట్టిన చోట, నిలబెట్టి ఉంది పగానీని వయొలిన్. దీన్ని క్రెమోనా ఊళ్ళో గ్వార్నేరి దెల్ జేజు అనే వయొలిన్ల తయారీదారు 1743లో చేశాడు. లివోర్నోలో ఒక ఫ్రెంచ్ వ్యాపారి యువ పగానీనికి ఇచ్చాడంటారు, జూదంలో సొంత వయొలిన్ పోగొట్టుకుని కచేరీకి చేతిలో ఏమీ లేనప్పుడు. దాని ధ్వని చూసి పగానీనియే "నా ఫిరంగి" అని పేరు పెట్టుకున్నాడు.

పెట్టె చుట్టూ తిరిగిన మా అమ్మాయి, "అమ్మా, దీనికి గడ్డం ఆన్చే ముక్క లేదేంటి?" అంది. నిజమే, లేదు. ఆయన అది లేకుండానే వాయించాడు. అందుకే గడ్డం రాసుకున్న చోట ఎర్రటి వార్నిష్ పోయి లేతరంగు కర్ర బయటపడింది. అరచేతి వెడల్పు మచ్చ. మన వాళ్ళం కింద కూర్చుని, వయొలిన్ తల కాలి చీలమండ దగ్గర ఆనించి వాయిస్తాం కాబట్టి గడ్డంతో అంత పని లేదు. నిలబడి వాయించేవాడికి పట్టంతా అక్కడే. దయ్యానికి ఆత్మ అమ్ముకుని ఈ విద్య సంపాదించాడని ఐరోపా అంతా పుకారు నడిచింది. ఆ మచ్చ ముందు నిలబడితే పుకారు పుట్టించినవాళ్ళెవరూ దాన్ని చూసి ఉండరనిపించింది.

పక్క అద్దంలో దానికి నకలు ఉంది, పారిస్‌లో వుయోమ్ అనే వయొలిన్ల తయారీదారు చేసింది. దాన్ని వాయించిన కమిల్లో సివొరి కూడా జెనోవా బాలమేధావే, పగానీనికి శిష్యుడు. అసలుదాన్ని పగానీని వీలునామాలో ఊరికి రాసిచ్చాడు, శాశ్వతంగా కాపాడమని. ఇప్పటికీ అప్పుడప్పుడూ బయటికి తీసి వాయిస్తారు. మేం వెళ్ళిన రోజు ఆ భాగ్యం లేదు. ఈ ఊళ్ళో 1954 నుంచి పగానీని పేరు మీద వయొలిన్ పోటీ జరుగుతోంది, 1969లో గెలిచింది ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు గిడోన్ క్రెమర్.

మర్నాడు పార్మా. అక్కడి విల్లెత్తా శ్మశానంలో స్తంభాల మండపం కింద ఆయన సమాధి, లోపల అర్ధ విగ్రహం. జెనోవాలో పుట్టినవాడు ఇక్కడికెలా చేరాడనేది పెద్ద కథ. 1840 మే 27న నీస్‌లో పోయాడు. అప్పటికే గొంతు పోయింది, కొడుకు అకిల్లె ఆయన పెదవులు చదివి అందరికీ మాట చెప్పేవాడు. చివరి మతకర్మ చేయించుకోలేదని, దయ్యం పుకారు కూడా తోడై, చర్చి భూమిలో చోటు ఇవ్వలేదు. శవపేటిక ఊరూరూ తిరిగింది. కొడుకు పట్టు వదలకపోబట్టి 1876లో పార్మా శ్మశానంలోకి చేరింది. ముప్పై ఆరేళ్ళు! దీనికి తండ్రి రుణం తీర్చుకోవడం అంటే సరిపోదు.

అదే పార్మాకి 1795లో, పిల్లాడిగా ఉండగా, తండ్రి తీసుకొస్తే వచ్చాడు పగానీని, వయొలిన్ విద్వాంసుడు అలెస్సాంద్రో రోల్లా దగ్గర నేర్చుకోవడానికి. ఖర్చులకోసం జెనోవాలో ఒక కచేరీ కూడా చేశాడు. రోల్లా జ్వరంతో మంచం మీదున్నాడు. పక్క గదిలో బల్ల మీద ఆయన కొత్తగా రాసిన కృతి, ఒక వయొలిన్ కనిపిస్తే పిల్లాడు తీసి చూస్తూనే వాయించేశాడట. లోపల్నుంచి రోల్లా "ఎవరా విద్వాంసుడు?" అని అడిగి, నీకు నేర్పేదేమీ నా దగ్గర లేదని చెప్పి, సంగీత రచన నేర్చుకోమని పాయెర్ అనే స్వరకర్త దగ్గరికి పంపించాడు. ఇదీ పగానీని చెప్పుకున్నదే, కాబట్టి కాస్త ఉప్పూ కారం పడి ఉంటుంది.

బయట ఐస్‌క్రీమ్ తింటూ ఈ కథ చెప్పాడు మా తమ్ముడు. పిల్ల శ్రద్ధగా విని, "మామయ్యా, మా టీచర్‌గారు నాతో అలా ఎప్పుడంటారు?" అంది.

"ముందు మోహన వర్ణం రెండో కాలంలో తప్పుల్లేకుండా వాయించమ్మా, అడుగుదాం."