లక్నవరంలో జారిపోయిన తెలుపు

డిసెంబరు చలిలో ఆరింటికే హనుమకొండ నుంచి బయల్దేరాం, నేనూ మా బావమరిదీ. ములుగులో టీ, ఇడ్లీ. చల్వాయి దగ్గర మళ్లి బుస్సాపూర్ మీదుగా లక్నవరం చేరాం. కొండల మధ్య ఉన్న మూడు ఇరుకు సందులకు చిన్న చిన్న కట్టలు వేసి కాకతీయులు 13వ శతాబ్దంలో తయారుచేసిన చెరువిది. వేలాడే వంతెన మీద ఫొటోలు అందరూ దిగుతారు. నాకు కావాల్సింది నీటి లోపలి వీడియో.

నీళ్లలోకి దిగే సాహసం చేయలేదు. పీవీసీ పైపు చివర యాక్షన్ కెమెరా బిగించాను. దాని ముందుకు వచ్చేలా ఓ కర్ర కట్టి, కొసకు తెల్ల పింగాణీ సాసరు ఒకటి, పాత ఎర్ర షూలేసు ఒకటి టేపుతో అంటించాను. అసలు తెలుపేదో, ఎరుపేదో తర్వాత కంప్యూటర్‌కు చూపించాలి కదా. పడవాయన ఇదంతా చూసి, "సార్, జారితే మల్ల నన్ను అడగొద్దు" అన్నాడు.

ఆరడుగుల లోతుకు ముంచి తీసి ఫోన్‌లో చూస్తే, కెమెరాను పెసరకట్టులో ముంచినట్టుంది. షూలేసు కాఫీపొడి రంగుకు వచ్చింది. నీళ్లు ముందు ఎరుపునే మింగుతాయి. తేట సముద్రంలో ఆఖరికి నీలం మిగులుతుంది. నాచు, కుళ్లిన ఆకుల సారం ఉన్న చెరువులో నీలం కూడా పోయి ఆకుపచ్చ మిగులుతుంది. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఎర్ర ఫిల్టరు నీలం నీళ్ల కోసమట, పచ్చ నీళ్లకు మెజెంటా వాడాలట. డబ్బులు పెట్టాక తెలిసిన విషయం ఇది.

రాత్రి ఇంట్లో డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఏ రంగు ఎంతుందో చూపే స్కోప్ అనే గ్రాఫ్‌లో ఆకుపచ్చ నిటారుగా లేచి ఉంటే, ఎరుపు నేలకు కరుచుకుని ఉంది. ఎరుపు గెయిన్, అంటే దాని మోతాదు, పెంచితే రంగు రాలేదు, తెరంతా ఎర్రచీమలు పాకినట్టు చుక్కచుక్కల నాయిస్ వచ్చింది. ఫ్రీ వెర్షన్‌లో దాన్ని తగ్గించే పనిముట్టు లేదు. చివరికి దారి చూపింది ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను ఒకదాంట్లో ఒకటి కలిపే ఆర్‌జీబీ మిక్సర్. వివరాలన్నీ ఆకుపచ్చ ఛానెల్‌లోనే భద్రంగా ఉంటాయి కాబట్టి, దాన్ని కొద్దికొద్దిగా ఎరుపులోకి వంచాను. ఆ తర్వాత, ఇదే అసలు తెలుపు అని చూపించే వైట్ బ్యాలెన్స్ పికర్‌ను సాసరు మీద పెట్టాను. షూలేసు ఇటుకరంగు దాకా వచ్చి ఆగింది. వెలుగు మోసుకురాని ఎరుపును ఇంతకన్నా పుట్టించలేం.

అక్కడితో ఆపలేదు. ఇంకా, ఇంకా అంటూ పచ్చనంతా లాగేశాను. బావమరిది వెనక నిలబడి, "బావా, గిది లక్నవరమా, హోటల్ స్విమ్మింగ్ పూలా?" అన్నాడు. వాడన్నది నిజమే. సగం పచ్చ తిరిగి పెట్టేశాను.

చివరి క్లిప్ మాత్రం ముట్టుకోలేదు. తడికి టేపు ఊడి సాసరు జారిపోయింది. ముందు తెల్లగా, తర్వాత లేత పెసర రంగులో, ఆపైన ముదురు పచ్చలో కలిసిపోయి కనబడకుండా పోయింది. మొత్తం నాలుగు సెకన్లు. అయినా దగ్గరి సాసరుకు కుదిరిన దిద్దుబాటు దూరం నీళ్లకు ఎందుకు కుదరలేదో ఆ నాలుగు సెకన్లు చూశాకే తలకెక్కింది.

మా ఆవిడ కూడా ఆ క్లిప్‌నే మూడుసార్లు చూసింది. "అది నా టీ సెట్‌లోదేనా?"

బావమరిది అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.