రంధి

చిన్నత్త అన్న మాట ఒకటి ఈ రాత్రి నన్ను నిద్రపోనివ్వడం లేదు. అక్క మందుల చీటీ మీద ఆందోళన, కుంగుబాటు అని రెండు పేర్లుండడం చూసి, "ఇవేం జబ్బులు బిడ్డా? దానికి మా అన్న పోలిక, పుట్టినకాడి నుంచి రంధే" అంటూ ఆమె ఆ చీటీని మడిచి చాయ గ్లాసు కింద పెట్టింది. అక్క పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు. రంధి అంటే ప్రతిదానికీ దిగులుపడే గుణం. ఆరు నెలలు బతిమాలితే ఆస్పత్రి మెట్లెక్కిన మనిషి ముందు, గుణానికి మందెందుకన్నట్టు మాట్లాడడం నాకు పొద్దంతా మంటగానే ఉన్నది.

అయితే పోలిక అనగానే బాపు గుర్తుకు వచ్చాడు. మేడారం బయలుదేరిన రోజు హన్మకొండలో బస్సుల వరుసలో నిలబడి, తాళం వేశానా లేదా అని ఇంటికి రెండుసార్లు తిరిగి వెళ్ళాడు. అమ్మవార్లకు కొన్న బెల్లం మూట అవ్వ ఒళ్ళో చెమ్మగిల్లింది, రెండు బస్సులు పోయాయి. తిరిగి వచ్చిన బాపు అరచేతిలో, తాళాన్ని గుంజి చూసిన చోట, ఎర్రటి గీత ఉన్నది. దానిని జబ్బని మాలో ఎవరూ అనలేదు, ఆయన ఏ వైద్యుడికీ చూపించుకోలేదు.

ఇంత రాసిన తరువాత చిన్నత్త మాటలో సగం నిజముందని ఒప్పుకోవలసి వస్తున్నది. 2010లో మనస్తత్వ పరిశోధకుడు రోమన్ కొటోవ్ బృందం 175 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఆందోళన, కుంగుబాటు రెండింటితోనూ అన్నిటికన్నా గట్టిగా ముడిపడిన గుణం న్యూరోటిసిజం, అంటే మన రంధే. మానసిక రుగ్మతలను విడివిడి గదులుగా కాక కొమ్మలుగా పేర్చిన 2017 నాటి హైటాప్ నమూనాలోనూ ఆందోళన, కుంగుబాటు లోలోపల కుమిలే ఒకే కొమ్మకు చెందుతాయి. చీటీ మీది రెండు పేర్లకు వేరు ఒకటే కావచ్చు.

కానీ గుణమైతే మారదని ఆమెకు ఎవరు చెప్పారు? అదే 2017లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం 207 అధ్యయనాలను పరిశీలించి, చికిత్సతో గుణాలు కూడా మారతాయని, అన్నిటికన్నా ఎక్కువగా మారేది ఈ రంధేనని చూపించింది. ఈ మాట పొద్దున నా నోటికి రాలేదు.

గ్లాసు అడుగు ముద్ర పడిన చీటీని అక్క తుడిచి మందుల డబ్బాలో పెట్టుకున్నది. బుధవారం మళ్ళీ చూపించుకోవాలి. చిన్నత్తను కూడా వెంట రమ్మని అడుగుతాను.