దేవుడి కోసం వచ్చినవాళ్ళ చాకిరీ

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మొలీన్, పియోరియా చుట్టుపక్కల యంత్రాల కర్మాగారాలను నమ్ముకొని బతికే తెలుగువాళ్ళం చాలామందిమే ఉన్నాం. ఎందుకు వచ్చారని అడిగితే ఉద్యోగం కోసమని మొహమాటం లేకుండా చెబుతాం. మొలీన్ నుంచి కారులో గంట లోపే బిషప్ హిల్ అనే చిన్న ఊరు వస్తుంది. 1846లో అక్కడ దిగిన స్వీడన్ వాళ్ళు మాత్రం తాము దేవుడి కోసం వచ్చామన్నారు. వాళ్ళ ప్రవక్త ఎరిక్ యాన్సన్ గురించి చెప్పేవాళ్ళకు కొదవ లేదు. నాకు ఆసక్తి కలిగింది అతని వెంట నడిచి వచ్చిన పనిమనుషుల మీద.

ఆ రోజుల్లో స్వీడన్‌లో సెంటు భూమి లేని పేదరాలు ఏదో ఒక ఇంట్లో ఏడాది కొలువుకు కుదరాల్సిందే. గడువు తీరకుండా వదిలి వెళ్ళడానికి వీల్లేదు. శరదృతువులో ఒక్క వారం విరామం, తర్వాత మళ్ళీ కొలువు. నా వీసా కూడా ఒకే యజమానికి ముడిపడి ఉంది కాబట్టి ఆ నిబంధన దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాను. అయితే పోలిక అంతటితో సరి. నన్నెవరూ బైబిలు పాఠం అప్పజెప్పమనలేదు. అక్కడ పాస్టరు ఏటా ఇంటింటి పరీక్ష పెట్టేవాడు. పాస్టరు లేకుండా ఇళ్ళలో ప్రార్థన కూటాలు జరపడం 1726 నాటి చట్టం ప్రకారం నేరం.

యాన్సన్ స్వీడన్‌లోని ఉప్లాండ్ ప్రాంతపు రైతు. గోధుమపిండి అమ్ముకుంటూ హెల్సింగ్‌లాండ్ పల్లెల్లో తిరిగేవాడు. బైబిలు ఒక్కటి చాలు, నిజమైన విశ్వాసికి పాపం అంటదు అని బోధించాడు. 1844లో అతని అనుచరులు అక్కడి చర్చికి మూలగురువైన లూథర్ పుస్తకాలను సైతం మంటల్లో వేశారు. అరెస్టులు మొదలయ్యాక అతను నార్వే మీదుగా తప్పించుకున్నాడు. భూములున్న అనుచరులు వాటిని అమ్మి సొమ్మంతా ఉమ్మడి ఖజానాలో పోశారు. పేదలకు ఓడ ఖర్చు అందులోంచే వచ్చింది. ఆ పనిమనిషి దేవుణ్ణి నమ్మి కదిలిందా, కొలువు తప్పించుకోవడానికి కదిలిందా అని చరిత్రకారులు తర్జనభర్జన పడతారు. ఆమె ఆ రెండింటినీ వేరుచేసి చూసుకొని ఉంటుందని నేను అనుకోను.

స్వీడన్‌లోని యేవ్లె రేవులో ఇనుము మోసే తెరచాప ఓడలెక్కి న్యూయార్క్, అక్కడి నుంచి కాలువలూ సరస్సుల మీదుగా షికాగో చేరారు. ఆ తర్వాత చాలామందికి వంద మైళ్ళకు పైగా కాలినడకే. మొదటి చలికాలం వాగు గట్టును తొలిచిన గుహల్లో గడిచింది. తిండి చాలక ఉపవాసాలు విధించారు. వసంతం వచ్చేలోగా 96 మంది చనిపోయారు.

బతికినవాళ్ళు పనిలో పడ్డారు. స్త్రీలు ఇటుకలు చేశారు, వందలమందికి వండి వడ్డించారు, అవిసె నార తీసి వడికి నేశారు. 1851 ఒక్క ఏడాదే 28 వేల గజాలకు పైగా నారబట్ట అమ్మకానికి వెళ్ళింది. జీతం లేదు. తిండి, బట్ట, గది మాత్రం దక్కేవి. 1850లో పిల్లవాడిగా ఆ ఊరు చేరిన ఊలొఫ్ క్రాన్స్, పెద్దవాడయ్యాక జ్ఞాపకం మీద గీసిన బొమ్మలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఒకదానిలో తాడు వెంబడి బారుగా నిలబడి మొక్కజొన్న విత్తుతున్న స్త్రీలు అచ్చం మా ఊళ్ళో వరినాట్లు వేసే కూలీల్లా కనిపించారు. ఊరి నడుమ గోపురం మీది గడియారానికి నిమిషాల ముల్లు లేదు. ఆ పని చూశాక, దాని అవసరం ఎవరికి పడి ఉంటుందిలే అనిపించింది.

పెళ్ళిళ్ళూ కొంతకాలం ఆపించారు, మళ్ళీ 1848లో గుంపులుగా జరిపించారు. యాన్సన్ బంధువు షార్లొటాను పెళ్ళాడిన జాన్ రూట్, కాలనీ అనే ఆ ఉమ్మడి ఊరు వదిలి తనతో రమ్మని ఆమెను బలవంతాన తీసుకెళ్ళాడు. కాలనీవాళ్ళు వెంటపడి వెనక్కి తెచ్చారు. గొడవ కోర్టుకెక్కింది. 1850 మే 13న ఇల్లినాయ్‌లోనే ఉన్న కేంబ్రిడ్జ్ ఊరి కోర్టు భవనంలో రూట్ యాన్సన్‌ను కాల్చి చంపాడు. ఇంత గొడవలో షార్లొటా ఏమనుకుందో చెప్పినవాళ్ళు తక్కువ.

స్వీడన్‌లో ఆ ప్రార్థనల చట్టం 1858లో రద్దయింది. ఇక్కడ కాలనీ ధర్మకర్తల వ్యాపారాలు అప్పుల్లో మునిగి, 1861లో ఉమ్మడి ఆస్తి పంపకానికి వచ్చింది. 35 ఏళ్ళు దాటితే ఆడా మగా తేడా లేకుండా పూర్తి వాటా. అందులో 22 ఎకరాల భూమి, కొంత అడవి, ఊళ్ళో ఒక స్థలం, పశువుల్లో భాగం ఉన్నాయి. కొలువు తప్ప మరేమీ ఎరగని మనిషికి సొంత పొలం వచ్చింది. దాంతోపాటు పాత అప్పుల్లో భాగం కూడా ఆమె నెత్తిన పడింది. ఆ అప్పుల దావా 1879 దాకా నడిచింది.