మొండి గేర్ నాబ్

హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వేడి చేసినా నా కారు గేర్ నాబ్, అంటే గేర్ రాడ్డు కొసనుండే పిడి, కదలకపోయేసరికి, నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరి మెకానిక్ తల అడ్డంగా ఊపి, "సార్, ఇది మరలున్న నాబ్ కాదు, దిగగొట్టింది. తిప్పితే రాదు, మీదికే గుంజాలె. మీరు మొహం జర పక్కకు పెట్టుకోండ్రి" అన్నాడు.

ఆ హెచ్చరిక ఊరికే చేసింది కాదు. ఇలా బిగించిన నాబ్ చాలాసేపు మొండికేసి, ఒక్కసారిగా ఊడివచ్చి, వంగి లాగేవారి గడ్డానికో పంటికో తగులుతుంది. మరలున్న నాబ్‌నైతే ఎడమవైపుకు తిప్పి విప్పాలి. ఆ మరలకు ఫ్యాక్టరీలో జిగురు పూసి ఉంటే, అది వేడికి మెత్తబడుతుంది. ఏ రకమో చూడకుండా బలమంతా పెట్టి మెలితిప్పితే, నాబ్ సంగతి అటుంచి, కింద రాడ్డును గేర్‌బాక్స్‌కు కలిపే లింకేజీలోని చిన్న గొట్టాల్లాంటి బుష్‌లు దెబ్బతినవచ్చు.

తోలు తొడుగును కిందికి జార్చి, నాబ్ అడుగున పానా ఆనించి మెల్లగా పైకి తట్టగా తట్టగా చివరికి ఊడింది. లోపలి ప్లాస్టిక్ పగిలింది కనుక పాతదానిపై ఆశ వదులుకున్నాను.

కొత్తది కొనేముందు రాడ్డు చివర చూడాలి. మరలుంటే వ్యాసంతో పాటు పిచ్, అంటే మరల గీతల మధ్య దూరం, కూడా కలవాలి. 10 మిల్లీమీటర్ల మరలోనే 1.25, 1.5 పిచ్‌లు రెండూ ఉన్నాయి. నా రాడ్డు నున్నగా ఉన్నందున, పక్కల నుంచి చిన్న స్క్రూలతో పట్టే అడాప్టర్ వేయించాను.

మెరిసే అల్యూమినియం నాబ్ కూడా చూపించారు. మే నెలలో మన ఎండకు నిలిపిన కారులో దాన్ని పట్టుకునే ధైర్యం నాకైతే లేదు; తోలుదే తీసుకుని, రివర్స్ గేర్ వేసేటప్పుడు ఎత్తాల్సిన రింగు సరిగా పైకి లేస్తోందని చూసుకొని బయలుదేరాను.