మే 15న దండతో పాటు పార కూడా పట్టుకెళ్దాం

కాటన్ దొర జయంతి కదా అని మా బావా నేనూ ఎండ ముదరకముందే రాజమండ్రి నుంచి బైక్ మీద ధవళేశ్వరం వెళ్లాం. అప్పటికే విగ్రహం మెడ నిండా దండలే, రైతులు, నాయకులు, ఫోటోలు, ఒకటే సందడి. నిజంగా ఒళ్లు పులకరించింది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా గోదారి మీద ఆనకట్ట పూర్తిచేసిన మనిషిని ఇప్పటికీ ఊరూరా విగ్రహం పెట్టుకుని తల్చుకుంటున్నామంటే అది మన గోదారోళ్ల మంచితనం. ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ తర్వాత కట్టిందే, పేరు మాత్రం ఆయనదే ఉంచుకున్నాం.

అక్కణ్ణుంచి బొబ్బర్లంక మీదుగా కాలవ గట్టెంట ఆత్రేయపురం వైపు పోయి కాలవ నీళ్లని ఆపి వదిలే లొల్ల లాకుల దగ్గర ఆగాం. వేసవిలో నీళ్లు ఆపి కాలవలు కట్టేస్తారు కదా, అడుగు తేలింది, ఆ అడుగు నిండా ఎండిన గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, తాగి పారేసిన కొబ్బరి బొండాలు, మందు సీసాలు. పొద్దున చూసిన దండలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది, ఎందుకంటే ఆయన మనకిచ్చింది విగ్రహం కాదు, ఈ కాలవే.

అక్కడో లస్కరుగారు కలిశారు, కాలవ నీళ్లూ లాకులూ చూసుకునే పెద్దాయన. "జూన్‌లో నీళ్లు వదుల్తారండి, ఈ చెత్తంతా లేచెళ్లి తూముల కాడ అడ్డం పడుద్దండి, ఇంక శివారుకి ఎప్పటికి చేరతాయండి" అన్నారు. శివారంటే రాజోలు అవతల, సముద్రం వైపు ఊళ్లు. అక్కడ చాలాచోట్ల బోరేస్తే ఉప్పునీళ్లే, కాలవొస్తేనే మంచినీళ్ల చెరువు నిండేది, అంటే ఇది పంట గొడవ ఒక్కటే కాదు, బిందె గొడవ కూడా.

మధ్యాహ్నానికి పి.గన్నవరం చేరాం. గోదారి పాయ వైనతేయ మీద 1850ల్లో కట్టిన పాత అక్విడెక్టు కమానులు చూస్తూ ఎంతసేపు నిలబడ్డామో, కింద నది, దాని మీంచి కాలవ దాటించేశారు ఆ రోజుల్లోనే! పక్కనే కొత్తది, దానికి డొక్కా సీతమ్మగారి పేరు. ఈ లంకల గన్నవరంలోనే ఆవిడ, 1909లో పోయేదాకా, వేళాపాళా లేకుండా వచ్చినోళ్లందరికీ అన్నం పెట్టారు. ఇవాళ సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం కూడా ఆవిడ పేరు మీదే నడుస్తోంది. ఆ పేరు తల్చుకున్న చోట పిల్లల కడుపు నిండుతోంది చూడండి, దొర పేరుతో కూడా అలాంటి పని ఒకటి జరగొద్దా?

"ఒరేయ్, జయంతి పడేదే కాలవలు కట్టేసిన టైములో కదరా, అదే రోజు దిగిపోతే పోలా" అన్నాడు బావ. నాకూ అదే సరైందనిపించింది. పూడిక తియ్యడం, లాకులు రిపేరు చెయ్యడం సర్కారు పనే, అది గట్టిగా అడగాల్సిందే, కానీ ఏ ఊరి హద్దులో ప్లాస్టిక్కూ గుర్రపుడెక్కా ఆ ఊరోళ్లు తీసుకోవచ్చు, తీసింది గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకి మళ్లీ కాలవలోకే పోద్ది కాబట్టి ట్రాక్టర్ కూడా మాట్లాడుకోవాలి.

మా ఊరి రైతులు సరేనన్నారు. ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ ఊబో లస్కరుగారే చూపిస్తానన్నారు, గ్లౌజులూ గోనెసంచులూ మా ఖర్చు. మీ ఊళ్లో దొర విగ్రహానికి ఏటా దండేసేది ఎవరో వాళ్లతో ఇప్పుడే ఓ మాట అని ఉంచండి, వచ్చే మేలోపు పంచాయతీ వాళ్లతోనూ ఇరిగేషన్ వాళ్లతోనూ మాట్లాడుకోడానికి టైముంటుంది.